ప్యానెల్‌కు తాళం ఉంది, పాస్‌వర్డ్ మాత్రం 1111

పోయిన సంచికలో అమెరికాలో ఒక చిన్న ఊరి నీళ్ళ పంపుల కంట్రోలర్‌లోకి ఎవరో ఇంటర్నెట్ నుంచి దూరిన సంగతి నాలుగు ముక్కల్లో రాస్తే, మన చిత్తూరు, తిరుపతి వైపు నుంచి ఊహించనన్ని ఉత్తరాలు వచ్చాయి. గుజ్జు ఫ్యాక్టరీలు, డెయిరీలు, శ్రీసిటీ కంపెనీలు ఇన్ని ఉన్నచోట రాకుండా ఎలా ఉంటాయి లెండి. అందుకని ఈసారి బ్యాంకు ఓటీపీలు, ఫేస్‌బుక్ అకౌంట్ల గొడవ పక్కన పెట్టి, మోటార్లను, వాల్వులను, బ్రేకర్లను (కరెంటు లైన్లను కలిపే, తెంపే పెద్ద స్విచ్‌లను) నడిపే కంప్యూటర్ల గురించి, అంటే పీఎల్‌సీలు, కంట్రోలర్లు అనేవాటి గురించి అడిగినవాటికే జవాబులు రాస్తున్నాను. పేర్లు వేయొద్దన్నవాళ్ళ పేర్లు వేయలేదు. నిజానికి అందరూ వద్దనే అన్నారు.

ప్రశ్న: మాది పుత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. నేను ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూస్తాను. స్టెరిలైజర్, ఫిల్లర్ రెండూ పీఎల్‌సీ మీదే నడుస్తాయి. మిషన్ ఇచ్చిన కంపెనీవాళ్ళు ప్యానెల్ లోపల ఒక 4జీ సిమ్ రూటర్ బిగించి పోయారు. ఏదైనా ట్రబుల్ వస్తే వాళ్ళ ఊళ్ళోనే కూర్చుని చూసి సరిచేస్తారు. రూటర్ రాత్రీ పగలూ ఆన్‌లోనే ఉంటుంది, పాస్‌వర్డ్ దాని వెనక స్టిక్కర్ మీద ఉన్నదే. ఇది మంచిది కాదేమో సార్ అంటే మా ఓనర్ "మన మామిడి గుజ్జు ఎవడికి కావాలయ్యా" అంటాడు. ఆయనకు ఏం చెప్పాలి?

జవాబు: ఆయన చెప్పింది నిజమే, మీ గుజ్జు ఎవరికీ అక్కర్లేదు. కానీ వచ్చేవాడు గుజ్జు కోసం రాడు, మీ ప్యానెల్లో ఉన్న కంట్రోలర్ ఏ కంపెనీదో దాని కోసం వస్తాడు. పోయినసారి నేను రాసిన అలిక్విప్పా కథ అదే కదా. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో చిన్న ఊరు అది. 2023 నవంబరులో అక్కడి నీళ్ళ బోర్డు వాళ్ళ బూస్టర్ స్టేషన్‌లో పీఎల్‌సీ తెర మీద "మీరు హ్యాక్ అయ్యారు, ఇజ్రాయెల్‌లో తయారైన ప్రతి పరికరమూ మా గురే" అన్న అర్థం వచ్చే మెసేజ్ ప్రత్యక్షమైంది. ఆ ఊరికీ ఇజ్రాయెల్‌కూ ఏ గొడవా లేదు. ఆ పీఎల్‌సీ యూనిట్రానిక్స్ అనే ఇజ్రాయెల్ కంపెనీ తయారుచేసింది, అంతే. దాడి చేసినవాళ్ళు ఇరాన్ ప్రభుత్వంతో సంబంధం ఉన్నవాళ్ళని అమెరికా చెప్పింది. అదే మోడల్ వాడుతున్న ఇంకొన్ని చోట్లా ఇదే జరిగింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు వీటి పాస్‌వర్డ్ 1111, చాలామంది దాన్ని మార్చనే లేదు, పైగా పీఎల్‌సీని నేరుగా ఇంటర్నెట్‌కు తగిలించి పెట్టారు. అక్కడి స్టాఫ్ వెంటనే మాన్యువల్‌లోకి మార్చుకుని పంపులు నడిపారు కాబట్టి నీళ్ళకు ఏమీ కాలేదు.

ఇలా బయటికి కనిపిస్తున్న పరికరాలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతకడానికి పెద్ద తెలివి కూడా అవసరం లేదు. షోడాన్ అని ఒక సైటు 2009 నుంచి ఉంది. ఫలానా మోడల్ పీఎల్‌సీ అని కొడితే ప్రపంచంలో ఎక్కడెక్కడ ఇంటర్నెట్‌కు తగిలి ఉందో వరసగా చూపిస్తుంది. ఆ లిస్టులో న్యూయార్కూ ఒక వరసే, పుత్తూరూ ఒక వరసే.

ఇప్పుడు మీ స్టెరిలైజర్ సంగతికి వద్దాం. ఓనర్‌కు చెప్పాల్సింది ఇక్కడే ఉంది. గుజ్జును ట్యూబుల్లో వేడిచేసి, కొన్ని సెకన్లు ఆ వేడి మీదే ఉంచి, చల్లార్చి, స్టెరైల్ బ్యాగులోకి నింపుతారు. వేడి సెట్ పాయింట్ (ముందే పెట్టిన హద్దు) కంటే తగ్గితే డైవర్షన్ వాల్వు తెరుచుకుని గుజ్జును వెనక్కి పంపేస్తుంది, ఫిల్లర్‌కు పోనివ్వదు. ఎవడైనా బయటినుంచి వచ్చి మిషన్ ఆపేస్తే అది అదృష్టమనుకోండి, ఆగిందని మీకు తెలుస్తుంది. అదే సెట్ పాయింట్‌ను నాలుగు డిగ్రీలో, అయిదు డిగ్రీలో తగ్గించి ఊరుకున్నాడనుకోండి, తెర మీద అంతా పచ్చగానే ఉంటుంది, ఫిల్లింగ్ జరుగుతూనే ఉంటుంది, డ్రమ్ములు కంటెయినర్ ఎక్కి పోర్టుకు వెళ్ళిపోతాయి, కొన్ని వారాల తర్వాత కొన్నవాడు ఫోన్ చేసి బ్యాగులు ఉబ్బుతున్నాయి అంటాడు. అప్పటికి తోతాపురి సీజనే అయిపోయి ఉంటుంది. హ్యాకర్ దాకా కూడా అక్కర్లేదు, మిషన్ కంపెనీలో కొత్తగా చేరిన కుర్రాడు వేరే ఫ్యాక్టరీ అనుకుని మీ దాంట్లోకి లాగిన్ అయి ఒక నంబరు మార్చినా జరిగేది ఇదే.

కాబట్టి మొదట చేయాల్సింది, పైసా పెద్దగా ఖర్చు లేనిది చెబుతాను. ఆ రూటర్‌కు వెళ్ళే సప్లైకి విడిగా ఒక స్విచ్ పెట్టండి. మామూలుగా ఆఫ్‌లోనే ఉండాలి. వాళ్ళు రావాల్సి వస్తే షిఫ్ట్ ఇన్‌చార్జికి ఫోన్ చేస్తారు, ఆయన తనకు ముందే తెలిసిన నంబరుకు తిరిగి ఫోన్ చేసి కనుక్కుని ఆన్ చేస్తాడు, పనయ్యాక ఆఫ్ చేసి లాగ్‌బుక్కులో ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారు అని రాయిస్తాడు. ఆ స్టిక్కర్ పాస్‌వర్డ్ ఈరోజే మార్చేయండి. మీ సిమ్‌కు పబ్లిక్ ఐపీ (ఇంటర్నెట్‌లో ఎవరికైనా కనిపించే అడ్రసు) ఉందా అని మిషన్ కంపెనీని అడగండి, ఉంటే తీసేసి వీపీఎన్ (అనుమతి ఉన్నవాళ్ళకే తెరుచుకునే రహస్య దారి) ద్వారా మాత్రమే రమ్మనండి. అలాగే తమ కస్టమర్లందరికీ ఒకే పాస్‌వర్డ్ పెడుతున్నారా అనీ అడగండి. సూటిగా జవాబు రాకపోతే పెడుతున్నారనే అనుకోండి.

ఆ డైవర్షన్ వాల్వుకు పీఎల్‌సీతో సంబంధం లేకుండా, నేరుగా వైరింగ్‌తో పనిచేసే థర్మోస్టాట్ ఉందేమో చూడండి. లేకపోతే పెట్టించండి. పీఎల్‌సీ ఏం అబద్ధం చెప్పినా ఆ వాల్వు దాని పని అది చేసుకుపోవాలి.

ఇంకొకటి, ఇది సైబర్ సంగతి కాదు గాని చెప్పకుండా ఉండలేను. పాతరకం పీఎల్‌సీల్లో ప్రోగ్రాం బ్యాటరీ మీద ఆధారపడి ఉంటుంది. మీ ఫ్యాక్టరీలు సీజన్ అయ్యాక నెలల తరబడి మెయిన్ ఆఫ్ చేసి పెడతారు. బ్యాటరీ అయిపోతే లోపల ప్రోగ్రాం తుడిచిపెట్టుకు పోతుంది, జూన్‌లో కాయ గేటు ముందు ట్రాక్టర్ల మీద వరస కట్టాక మిషన్ లేవదు. అప్పుడు ప్రోగ్రాం కాపీ ఎవరి దగ్గర ఉందని వెతికితే, ఎప్పుడో మానేసిన ఇంజనీరు ల్యాప్‌టాప్‌లో ఉందని తెలుస్తుంది. కాపీ మీ దగ్గర రెండు చోట్ల ఉండాలి, అదీ ఇప్పుడు మిషన్లో నడుస్తున్న ప్రోగ్రామే అయి ఉండాలి. దాడి జరిగినా, బ్యాటరీ పోయినా, పిడుగు పడినా మళ్ళీ నిలబెట్టేది ఆ కాపీయే.

ప్రశ్న: నేను తిరుపతిలో ఉంటాను, గృహిణిని. హ్యాకర్లు ఊరి మొత్తానికి కరెంటు తీసేయగలరని మా అబ్బాయి అంటున్నాడు. నిజంగా జరిగిందా ఎక్కడైనా? మనకూ జరుగుతుందా?

జవాబు: జరిగిందమ్మా. 2015 డిసెంబరు 23న, ఉక్రెయిన్‌లో. మూడు కరెంటు పంపిణీ కంపెనీల మీద ఒకేసారి దాడి చేశారు, దాదాపు 2,25,000 కనెక్షన్లకు సరఫరా పోయింది. అది ఆ ఒక్కరోజు పని కాదు. నెలల ముందే ఆఫీసువాళ్ళకు ఈమెయిల్‌లో వర్డ్, ఎక్సెల్ ఫైళ్ళు పంపారు, వాటిని తెరిచినవాళ్ళ కంప్యూటర్లలోంచి పాస్‌వర్డులు ఏరుకుని, మెల్లగా కంట్రోల్ రూం దాకా వెళ్ళారు. ఆరోజు మధ్యాహ్నం ఆపరేటర్లు చూస్తుండగానే తెర మీద మౌస్ బాణం తనంతట తాను కదిలి ఒక్కో సబ్‌స్టేషన్ బ్రేకర్‌ను తెరుచుకుంటూ పోయింది. వీళ్ళు మౌస్ పట్టుకుంటే పనిచేయలేదు. అదే సమయంలో కస్టమర్లు ఫోన్ చేయకుండా కాల్ సెంటర్‌కు దొంగ కాల్స్ కుప్పలు తెప్పలుగా కొట్టించారు.

మరి కరెంటు ఎలా వచ్చిందంటే, మనుషులు బండ్లేసుకుని సబ్‌స్టేషన్లకు వెళ్ళి చేత్తో బ్రేకర్లు వేశారు. కొన్ని గంటల్లో అంతటా వచ్చేసింది. పూర్తి ఆటోమేటిక్ అని సిబ్బందిని తీసేసిన చోట ఇదంత తొందరగా అయ్యేది కాదు. సబ్‌స్టేషన్లలో మనుషులెందుకు దండగ అనేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండేది ఇందుకే.

మన దగ్గర గ్రిడ్‌ను ఒకే చోటినుంచి నడపరు. ఢిల్లీలో జాతీయ కేంద్రం, దక్షిణాది రాష్ట్రాలకు బెంగళూరులో, మన రాష్ట్రానికి విజయవాడలో లోడ్ డిస్పాచ్ సెంటర్ ఉన్నాయి. ఆ కింద పంపిణీ సంస్థలు, మీ తిరుపతిలోనే హెడ్డాఫీసు ఉన్నది వాటిలో ఒకటి. 2019లో రెండు తెలుగు రాష్ట్రాల పంపిణీ సంస్థల వెబ్‌సైట్లకు ర్యాన్‌సమ్‌వేర్ (ఫైళ్ళకు తాళం వేసి డబ్బడిగే వైరస్) తగిలి ఆన్‌లైన్ సేవలు ఆగాయి, కరెంటు మాత్రం ఆగలేదు. ఎందుకంటే బిల్లులు చూసే కంప్యూటర్లు వేరు, బ్రేకర్లు నడిపేవి వేరు. ఆ రెంటి మధ్య గోడ గట్టిగా ఉంటేనే ఈ ధైర్యం. అదే ఏడాది కూడంకుళం అణు విద్యుత్ కేంద్రంలో ఆఫీసు నెట్‌వర్క్ కంప్యూటర్‌లోకి మాల్వేర్ (హాని చేసే ప్రోగ్రాం) వచ్చింది, కంట్రోల్ వ్యవస్థ విడిగా ఉంది కాబట్టి దానికేం కాలేదని సంస్థ ప్రకటించింది. 2020 అక్టోబరులో ముంబైలో కరెంటు పోయినప్పుడు చైనా హ్యాకర్ల పని అని పెద్ద చర్చ నడిచింది గాని, కేంద్రం మాత్రం మనుషుల పొరపాటు అనే చెప్పింది. ఆ తర్వాత 2021లో సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ విద్యుత్ సంస్థలన్నిటికీ సైబర్ భద్రత మార్గదర్శకాలు ఇచ్చింది.

కాబట్టి జరగదని మీకు మాటివ్వలేను. కానీ నిన్న రాత్రి మీ వీధిలో కరెంటు పోయిందంటే మాత్రం ముందు చెట్టుకొమ్మను అనుమానించండి, తర్వాత ఉడతను, ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజును. హ్యాకర్ వంతు చాలా దూరంలో ఉంది. మీ అబ్బాయికి ఇంత ఆసక్తి ఉంటే ఆ ఉక్రెయిన్ కథ పూర్తిగా చదవమనండి, ఎవరు ఏ రోజు ఏం చేశారో బయట వివరంగా దొరుకుతుంది.

ప్రశ్న: శ్రీసిటీలో ఒక కంపెనీలో పని. మా లైన్లో తెర ఉన్న కంప్యూటర్ ఇంకా విండోస్ ఎక్స్‌పీ. అప్‌డేట్ చేస్తే సాఫ్ట్‌వేర్ పనిచేయదు, వారంటీ పోతుంది అంటారు. యాంటీవైరస్ వేస్తే తెర స్లో అవుతుంది. "ఇంటర్నెట్ లేదు కదా, దానికేం భయం" అంటున్నారు మా సీనియర్లు. కరెక్టేనా?

జవాబు: ఇంటర్నెట్ లేదు, సరే. పెన్‌డ్రైవ్ లేదా? సర్వీస్ ఇంజనీరు ల్యాప్‌టాప్ రాదా?

ఇరాన్‌లోని నతాంజ్ అణు కేంద్రానికీ ఇంటర్నెట్ కనెక్షన్ లేదు. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ పెన్‌డ్రైవ్‌ల ద్వారా కూడా పాకేలా రాసిన పురుగు. సీమెన్స్ పీఎల్‌సీల్లో దూరి సెంట్రిఫ్యూజ్‌ల (యురేనియాన్ని వేగంగా తిప్పే మిషన్ల) వేగాన్ని మార్చేస్తూ, ఆపరేటర్ తెర మీద మాత్రం అంతకుముందు రికార్డు చేసిపెట్టుకున్న మామూలు రీడింగులు చూపించింది. మిషన్లు పాడైపోతున్నాయి, తెర బ్రహ్మాండంగా ఉంది. షిఫ్టుకు ఒకసారైనా తెరను వదిలేసి మిషన్ మీద ఉన్న గేజి ముల్లు చూడమని నేను పోరేది ఇందుకే.

2017 మేలో వచ్చిన వాన్నాక్రై అనే ర్యాన్‌సమ్‌వేర్ గుర్తుందా? మన చిత్తూరుతో సహా కొన్ని జిల్లాల్లో పోలీసుల కంప్యూటర్లకే తగిలింది. మీకు దగ్గర్లోనే, చెన్నై పక్కన ఒరగడంలో ఉన్న రెనో నిస్సాన్ కార్ల ప్లాంటుకూ ఆ దెబ్బ తగిలింది. మైక్రోసాఫ్ట్ అప్పటికి సపోర్ట్ ఇస్తున్న విండోస్‌లకు ప్యాచ్ (లొసుగు పూడ్చే అప్‌డేట్) ఇచ్చింది అంతకు రెండు నెలల ముందు, మార్చిలో. ఆ మరుసటి ఏడాది, 2018 ఆగస్టులో, తైవాన్‌లో చిప్పులు చేసే టీఎస్‌ఎంసీ కంపెనీలో కొత్త మిషన్‌ను వైరస్ స్కాన్ చేయకుండా లైనుకు కలిపారు, దాంట్లో వాన్నాక్రై రకం ఒకటి ఉంది, లోపల నెట్‌వర్క్ అంతా పాకి ఫ్యాక్టరీలు ఆగాయి. బయటివాడెవడూ దాడి చేయలేదక్కడ, కొత్త మిషన్‌తో పాటు వచ్చింది.

మీ ఎక్స్‌పీ మిషన్‌ను మార్చమని నేను అనను, అంటే నవ్వుతారు, ఆ లైన్ ఖరీదెంతో నాకు తెలుసు. దాన్ని ముసలివాడిని చూసుకున్నట్టు చూసుకోండి. చల్లగాలి తగలనివ్వకూడదు, అంటే ఆఫీసు నెట్‌వర్క్‌తో కలపకూడదు. కలపక తప్పదంటే మధ్యలో ఫైర్‌వాల్ (రాకపోకలను వడకట్టే పరికరం) పెట్టి, రిపోర్టులు వెళ్ళడానికి కావలసిన ఒకే ఒక్క దారి వదలండి. యూఎస్‌బీ పోర్టులు సాఫ్ట్‌వేర్‌లో ఆపేయండి, ప్యానెల్ తలుపుకు తాళం వేయండి. గేటు దగ్గర ఒక విడి కంప్యూటర్ పెట్టి, లోపలికి వచ్చే ప్రతి పెన్‌డ్రైవ్, ప్రతి ల్యాప్‌టాప్ దాంట్లో స్కాన్ అయ్యాకే రావాలి, మేనేజర్‌దైనా సరే. మేనేజర్‌దే ముందు. ఆ తెర కంప్యూటర్ హార్డ్‌డిస్కుకు పూర్తి కాపీ ఒకటి తీసి బీరువాలో పెట్టుకుంటే, ఏం జరిగినా గంటలో మళ్ళీ నిలబడతారు. ఎక్స్‌పీ కాలం నాటి హార్డ్‌డిస్కు ఎలాగూ నేడో రేపో అన్నట్టుంటుంది.

పీఎల్‌సీ మీద చిన్న తాళంచెవి స్విచ్ ఉంటే దాన్ని రన్‌లో పెట్టి చెవి తీసి జేబులో వేసుకోండి. 2017లో సౌదీలో ఒక పెట్రోకెమికల్ ప్లాంటులో, ప్రమాదం వస్తే ప్లాంటును ఆపాల్సిన భద్రతా కంట్రోలర్లలోకే ట్రైటాన్ అనే మాల్వేర్ ఎక్కించారు. ఆ కంట్రోలర్ల చెవి ప్రోగ్రామ్ స్థానంలో వదిలేసి ఉంది. రన్‌లో ఉండుంటే ఎక్కేదే కాదు.

ప్రశ్న: చిత్తూరులో డిప్లొమా ట్రిపుల్ఈ ఫైనలియర్ చదువుతున్నాను అన్నా. ఈ ఫీల్డులోకి రావాలని ఉంది. పది రోజుల ఎథికల్ హ్యాకింగ్ కోర్సు ఉందంట, చేరమంటారా?

జవాబు: వద్దు తమ్ముడూ. ఆ డబ్బుతో ఒక సెకండ్‌హ్యాండ్ చిన్న పీఎల్‌సీ కొనుక్కో. నువ్వు ఎలక్ట్రికల్ వాడివి, అదే నీ బలం, దాన్ని వదిలేసి కంప్యూటర్ కుర్రాళ్ళ వెనక పడొద్దు. ఫైర్‌వాల్ తెలిసినవాళ్ళు బోలెడుమంది, స్టార్ డెల్టా స్టార్టర్ చూసి ఏ కాంటాక్టర్ ముందు పడుతుందో చెప్పగలిగినవాళ్ళలో ఫైర్‌వాల్ తెలిసినవాళ్ళు చాలా తక్కువ. ముందు పీఎల్‌సీ ప్రోగ్రాం రాసే ల్యాడర్ లాజిక్ నేర్చుకో, ఓపెన్‌పీఎల్‌సీ అని ఉచితంగా దొరుకుతుంది, నీ కంప్యూటర్లోనే నడుస్తుంది. తర్వాత మోడ్‌బస్. 1979లో పుట్టిన భాష అది, ఇవాల్టికీ చాలా ఫ్యాక్టరీల్లో మోటార్లు, మీటర్లు మాట్లాడుకునేది దాంట్లోనే. పాత మోడ్‌బస్‌లో పాస్‌వర్డ్ అనేదే లేదు, వైరు మీద ఎవడు చెప్పినా "సరే" అంటుంది. వైర్‌షార్క్ (నెట్‌వర్క్‌లో పోయే డేటాను చూపించే సాఫ్ట్‌వేర్) పెట్టి ఆ మాటలు నువ్వే విను, ఒక్క సాయంత్రంలో ఈ రంగం మొత్తం సమస్య ఏమిటో నీకే అర్థమవుతుంది. అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సీసా (CISA) ఆన్‌లైన్లో ఉచితంగా పాఠాలు పెట్టింది. ఫ్యాక్టరీ కంట్రోల్ వ్యవస్థల భద్రతకు ఐఈసీ 62443 అనే ప్రమాణాల పేరు గుర్తుపెట్టుకో, ఇంటర్వ్యూల్లో అడుగుతారు.

ఒక్క జాగ్రత్త. షోడాన్‌లో కనిపించింది కదా అని ఎవరి పీఎల్‌సీలోకీ సరదాకైనా లాగిన్ కావొద్దు. ప్రభుత్వం రక్షిత వ్యవస్థగా ప్రకటించిన దాంట్లో అనుమతి లేకుండా వేలు పెడితే ఐటీ చట్టం 70వ సెక్షన్ కింద పదేళ్ళ దాకా జైలు.

ప్రశ్న: రేణిగుంట దగ్గర చిన్న యూనిట్ మాది. ప్రోగ్రామింగ్ చూసే ఇంజనీరు గొడవపడి మానేశాడు. సెటిల్మెంట్ ఇంకా ఇవ్వలేదు. అతనికి అన్ని పాస్‌వర్డులూ తెలుసు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఉండాల్సిందే. ఈ ఉత్తరం చదివాక మొదట నాకు గుర్తొచ్చింది ఆస్ట్రేలియాలోని మరూచీ. 2000వ సంవత్సరం. అక్కడ మురుగునీటి పంపింగ్ స్టేషన్లకు రేడియో కంట్రోల్ బిగించిన కాంట్రాక్టు కంపెనీలో పనిచేసి మానేసిన ఒకతను, స్థానిక కౌన్సిల్‌లో ఉద్యోగం అడిగాడు, ఇవ్వలేదు. కారులో ల్యాప్‌టాప్, రేడియో సెట్టు పెట్టుకుని తిరుగుతూ రెండు నెలల పాటు పంపులు ఆపేస్తూ, అలారాలు మోగకుండా చేస్తూ పోయాడు. దాదాపు 8 లక్షల లీటర్ల మురుగు పార్కుల్లోకి, కాలువల్లోకి, ఒక పెద్ద హోటల్ ఆవరణలోకి పారింది. మొదట్లో ఇంజనీర్లు కొత్త సిస్టంలో లోపం అనుకుని వైర్లు మార్చుకుంటూ కూర్చున్నారు. చివరికి కారు ఆపితే దొరికాడు, రెండేళ్ళ జైలు పడింది.

మీ ఇంజనీరు అలాంటివాడని నేను అనడం లేదు. ఎక్కువమంది ఏమీ చేయరు, కొత్త ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోతారు. కానీ మీరు చేయాల్సింది రెండు రకాలు. ఈ సాయంత్రంలోగా పీఎల్‌సీ, రూటర్, ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ (దూరం నుంచి కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్లు), వైఫై, సీసీ కెమెరాలు, ఈమెయిల్, అన్నిటి పాస్‌వర్డులూ మార్చండి, అతని పేరున ఉన్న అకౌంట్లు తీసేయండి, నడుస్తున్న ప్రోగ్రామ్‌ను మీ దగ్గరున్న కాపీతో పోల్చి చూడమని వేరే మనిషిని పిలవండి. రెండోది, అతనికి రావలసిన డబ్బు ఇచ్చేయండి సార్. పాస్‌వర్డు మార్చడం కంటే అది ఎక్కువ పనిచేస్తుంది, పైగా అది అతని డబ్బు.

ప్రశ్న: పొద్దున్నే వచ్చేసరికి ఆఫీసు కంప్యూటర్లన్నీ లాక్ అయి, డబ్బు కట్టమని మెసేజ్ ఉంటే ఏం చేయాలి? డెయిరీ మాది, పాలు ఆగవు కదా.

జవాబు: ముందు మిషన్లు. బాయిలర్, చిల్లర్, అమ్మోనియా, ఇవి భద్రంగా ఉన్నాయా అన్నదే మొదటి ప్రశ్న, కంప్యూటర్లు తర్వాత. ఆఫీసు నెట్‌వర్క్‌కూ ప్లాంటుకూ మధ్య ఉన్న కేబుల్ పీకేయండి, ఏ కేబులో ఇప్పుడే గుర్తుపెట్టి ఎర్ర టేపు చుట్టి ఉంచండి, ఆరోజు వెతుక్కునే టైం ఉండదు. లాక్ అయిన కంప్యూటర్ల నెట్ కేబుళ్ళు తీయండి, తెర ఫోటో తీయండి, కంగారుపడి ఫార్మాట్ కొట్టొద్దు. తూకాలు, ఫ్యాట్, రైతు నంబరు కాగితం మీద రాసుకుని పాలు తీసుకోండి. కాగితం పుస్తకాలు ఆఫీసులో ఉన్నాయా అసలు?

నార్వే అల్యూమినియం కంపెనీ నార్స్క్ హైడ్రోకు 2019 మార్చిలో ఇదే జరిగితే, ఒక్క పైసా కట్టలేదు, చేత్తో నడుపుకున్నారు, పాత పద్ధతి తెలిసిన రిటైరైనవాళ్ళు వచ్చి సాయం పట్టారు. 2021 మేలో అమెరికాలో కొలోనియల్ పైప్‌లైన్ మాత్రం 75 బిట్‌కాయిన్లు, అంటే అప్పటి లెక్కలో 44 లక్షల డాలర్లు కట్టింది. కట్టాక వచ్చిన తాళం తీసే సాఫ్ట్‌వేర్ ఎంత నెమ్మదంటే చివరికి తమ బ్యాకప్‌ల మీదే ఆధారపడ్డారు. అక్కడ దాడి తగిలింది ఆఫీసు కంప్యూటర్లకు, పైప్‌లైన్ నడిపేవాటికి కాదు. ఎందుకైనా మంచిదని వాళ్ళే పైప్‌లైన్ ఆపుకున్నారు. దొంగ వచ్చిన దారి, ఎవరూ వాడకుండా వదిలేసిన ఒక పాత వీపీఎన్ అకౌంట్, దానికి ఫోన్‌కు వచ్చే రెండో కోడ్ లేదు.

మన దేశంలో 2022 ఏప్రిల్ ఆదేశం ప్రకారం ఇలాంటివి తెలిసిన 6 గంటల్లోగా సెర్ట్-ఇన్‌కు (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థకు) చెప్పాలి, నంబరు 1800-11-4949. పోలీసుల సైబర్ విభాగానికీ ఫిర్యాదు ఇవ్వండి. డబ్బు ఏదైనా పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. ఈ నంబర్లు కంప్యూటర్లో దాచుకుంటే లాభం లేదు, గోడ మీద రాయండి.

ప్రశ్న: పాకాల దగ్గర రైతును. మా బోరు మోటారుకు మొబైల్ స్టార్టర్ ఉంది, ఇంట్లోంచి ఫోన్ చేస్తే ఆన్ అవుతుంది. వేరేవాళ్ళు ఎవరైనా చేసి ఆన్ చేయగలరా?

జవాబు: మామూలుగా దాంట్లో ఎక్కించిన నంబర్లనుంచి వస్తేనే వింటుంది. మీ నంబరు లాగా కనిపించేలా దొంగ కాల్ చేయడం సాధ్యమే గాని, మీ బోరు కోసం అంత కష్టం ఎవడు పడతాడు. అసలు లొసుగు ఎక్కడంటే, దాని సెట్టింగులు మార్చే పాస్‌వర్డ్ కంపెనీ ఇచ్చినదే ఉండిపోతుంది, బిగించిన కుర్రాడి నంబరు కూడా లోపలే ఉండిపోతుంది. మాన్యువల్ చూసి రెండూ మార్చుకోండి. దాంట్లో వేసిన సిమ్ రీఛార్జి అయిపోయి నంబరు పోతే కొన్నాళ్ళకు ఆ నంబరు వేరేవాళ్ళకు ఇచ్చేస్తారు, అదీ చూసుకోండి. నీళ్ళు లేకపోతే మోటారు తనే ఆగే డ్రై రన్ రక్షణ పనిచేస్తోందా అని మాత్రం ఈ ఎండాకాలంలోనే ఒకసారి పరీక్షించండి. ఆన్ చేసింది దొంగైనా, మీ మనవడైనా, మోటారు కాలితే వైండింగ్ ఖర్చు మీదే కదా.